పికప్పు బండికి రెండవ బ్యాటరీ



నేటి ప్రసంగవిషయము చూచుటకు చిన్నది. పికప్పు బండిపై ఆధారపడి జీవించువారికి మాత్రము అది చిన్నది కాదు. సాయంకాలము కూడలిలో బండి నిలిపి ఇడ్లీలు, దోసెలు అమ్మువారు, శీతలపానీయములను ఊరూరికిని త్రిప్పువారు, పెండ్లిపందిళ్ళకు దీపములను మైకును కొనిపోవువారు అనేకులు కలరు. వీరందఱును బండి బ్యాటరీనుండియే దీపములు వెలిగింతురు, పంకా త్రిప్పుదురు, చల్లనిపెట్టెను నడపుదురు. రాత్రి 11 గంటలకు వ్యాపారము ముగించి తాళముచెవి త్రిప్పగా ఇంజను కదలదు. టక్కు టక్కుమను చప్పుడు మాత్రము వినవచ్చును. అప్పుడు నలుగురిని బ్రతిమాలి బండిని త్రోయింపవలయును. మఱునాడు దుకాణమునకు పోయి "ఇంకొక బ్యాటరీ పెట్టుడు" అని అడుగుదురు. ఆ దుకాణమునకు పోకముందు ఆలోచింపవలసిన సంగతులు చెప్పుటయే నా యుద్దేశము. శ్రోతలు కాగితమును పెన్సిలును దగ్గఱ నుంచుకొన్నచో మేలు. నడుమ కొంత లెక్క కలదు.

మొదట ఒక సందేహమును తీర్పవలయును. పెద్దలారీలలో రెండు బ్యాటరీలు ఎప్పటినుండియో ఉన్నవి కదా యని కొందఱు అనవచ్చును. ఆ రెండును ఒకదానివెంట నొకటి వరుసగా కలుపబడి, 12 వోల్టులను 24 వోల్టులుగా చేయుటకు ఉన్నవి. అమెరికాలో డీజిలు ఇంజను గల పెద్ద పికప్పులకు కర్మాగారమందే రెండు బ్యాటరీలు పెట్టుటయు కలదు. అవి ప్రక్కప్రక్కన కలిసి, చలికి బిగిసిన ఇంజనును కదలించుటకు బలము నిచ్చును. నేను చెప్పబోవునది ఈ రెండును కాదు. ఒక బ్యాటరీ ఇంజను కొఱకు, రెండవది తక్కిన పనుల కొఱకు, రెండింటి నడుమ తెఱచుటకును మూయుటకును వీలగు ఒక తలుపు. ఇదియే నేటి విషయము.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సుదేశస్థుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. మోటారు ఇంజనును చేతితో త్రిప్పు శ్రమను తప్పించి, విద్యుత్తుచే కదలించు సాధనమును చార్లెస్ కెటరింగు అను అమెరికా ఇంజనీరు రూపొందింపగా, 1912 నాటి కాడిలాక్ బండ్లకు అది అమర్చబడెను. అప్పటినుండియు బండి బ్యాటరీకి ముఖ్యమైన కార్యము ఇంజనును కదలించుటయే. ఈ కార్యమునకు విద్యుత్తు ఎంత కావలయును? స్టార్టరు మోటారు 300 ఆంపియర్ల ప్రవాహమును పీల్చుచున్నదనియు, ఇంజను 3 సెకండ్లలో అందుకొన్నదనియు అనుకొందము. ఖర్చయినది 0.25 ఆంపియర్-గంట మాత్రమే. ఒక ఆంపియరు ప్రవాహము ఒక గంటసేపు నడచినచో ఖర్చగు విద్యుత్తునే ఆంపియర్-గంట యందురు. 3 ఆంపియర్ల దీపములు 5 నిమిషములు వెలిగినను సరిగా ఇంతయే ఖర్చగును.

కావున ఇంజనుకు కావలసినది గొప్ప బలము, స్వల్పమైన మొత్తము. దీపములకు కావలసినది స్వల్పమైన బలము, గొప్ప మొత్తము. ఈ భేదమును బట్టియే బ్యాటరీల నిర్మాణము మాఱును. ఇంజను బ్యాటరీలో పలుచని పలకలు అనేకములు ఉండును. వానికి ఉపరితలము హెచ్చు గనుక ప్రవాహము ఒక్కపెట్టున బయలుదేఱును. కాని వానిని మాటిమాటికి అడుగంట వాడినచో పలకలమీది పదార్థము రాలిపోవును. నిదానముగా, గంటల తరబడి వాడదగిన బ్యాటరీలో పలకలు దళసరిగా ఉండును. రెండు పనులను ఒక్క బ్యాటరీచే చేయింప జూచుట వలననే పెక్కు బ్యాటరీలు కాలము తీఱకముందే చెడిపోవుచున్నవి.

రైతు విత్తనపు గింజలను వేఱుగా దాచును. ఇంట ఎంత ఇబ్బంది కలిగినను వానిని వండుకొనడు. ఇంజను బ్యాటరీయందలి విద్యుత్తు విత్తనపు గింజ వంటిది. రెండవ బ్యాటరీ తిండిగింజల గాదె వంటిది. గాదె అడుగంటినను విత్తనము మిగులవలెను. రెండవ బ్యాటరీ పెట్టుటలోని ప్రయోజనమంతయు ఇంతే.

ఇక గాదె ఎంత పెద్దది కావలయును? దుకాణదారుడు దీనికి సమాధానము చెప్పజాలడు. మీ వాడుక మీకే తెలియును. ఒక ఫలహారపు బండిని తీసికొందము. సాయంకాలము 6 గంటలనుండి 11 గంటలవఱకు 5 గంటల వ్యాపారము. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నాలుగు కలవు. మొత్తము 36 వాట్లు. వాట్లను 12 వోల్టులచే భాగించినచో 3 ఆంపియర్లు. 5 గంటలకు 15 ఆంపియర్-గంటలు. 24 వాట్ల పంకా ఒకటి. అది 2 ఆంపియర్లు. 5 గంటలకు 10. పిండిని, పాలను చల్లగా నుంచు పెట్టె 48 వాట్లది. నడచునపుడు 4 ఆంపియర్లు. అది ఎడతెగక నడువదు. చల్లబడినపుడు ఆగి మరల నడచును. ఇంజను ఆగియున్న 10 గంటలలో సగముసేపు నడచునని అనుకొన్నచో 20 ఆంపియర్-గంటలు. సెల్‌ఫోనుకును, డబ్బు ముట్టినదని బిగ్గఱగా చెప్పు చిన్నపెట్టెకును కలిపి 1 ఆంపియరు. 5 గంటలకు 5. అన్నియు కూడగా దినమునకు 50 ఆంపియర్-గంటలు.

ఇందులో మిక్సీని చేర్పలేదు. 500 వాట్ల మిక్సీని ఇన్వర్టరు ద్వారా త్రిప్పినచో బ్యాటరీనుండి 45 మొదలు 50 ఆంపియర్లవఱకు ప్రవహించును. చట్నీ ఇంటివద్దనే రుబ్బి తెచ్చుకొనుట చాల చౌక.

సీసపు బ్యాటరీ పైన 100 ఆంపియర్-గంటలని వ్రాసియున్నను, అందు సగము మాత్రమే ప్రతిదినము వాడుకొనవలెను. అంతకు మించి వాడిన కొలదిని ఆయువు తగ్గును. కావున 50 వాడువారికి 100 కావలయును. కొంత మిగులు ఉండుటకు 120 పెట్టుట మంచిది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీనైనచో నూటికి 80 వంతులు నిర్భయముగా వాడవచ్చును. వారికి సుమారు 63 చాలును. మిగులుతో 80 పెట్టుకొనవచ్చును.

చాలమంది ఇచ్చటనే లెక్క ముగింతురు. అసలు లెక్క ఇచ్చటనే ప్రారంభమగును. గాదె పెద్దదైనంత మాత్రమున పంట పెరుగదు. వాడిన 50 ఆంపియర్-గంటలను మరల ఎవరు నింపుదురు? బండి నడచునపుడు ఇంజనుతోపాటు తిరుగు ఆల్టర్నేటరు నింపవలయును. దానినే కొందఱు మెకానిక్కులు డైనమో యందురు. ఫలహారపు బండి దినమునకు ఎంతసేపు నడచును? ఇంటినుండి కూడలికి, కూడలినుండి ఇంటికి. రెండును కలిపి ఒక గంట యనుకొందము. రెండవ బ్యాటరీలోనికి గంటకు 20 ఆంపియర్లు ప్రవహించినచో ఆదాయము 20. వ్యయము 50. దినమునకు 30 లోటు.

నేనెఱిగిన ఒక వ్యాపారి సరిగా ఇట్టి స్థితిలో 100 ఆంపియర్-గంటల బ్యాటరీ కొనెను. మొదటి రాత్రి 50 మిగిలెను. మఱునాటి ప్రయాణముచే అది 70 అయ్యెను. రెండవ రాత్రికి 20 మిగిలెను. మూడవ సాయంకాలము 40తో మొదలిడి, వ్యాపారము ముగియకముందే దీపములారెను. బ్యాటరీ చిన్నదని తలంచి, అతడు దానిని మార్చి 150 ఆంపియర్-గంటలది తెచ్చెను. మీరును కాగితముపై లెక్క వేసి చూడుడు. ఈసారి దీపములు మూడవ సాయంకాలమునకు బదులు ఐదవ సాయంకాలమున ఆరును. ఇంతకంటె వేఱు లాభము లేదు. పైగా సీసపు బ్యాటరీ చాలినంత నిండక వెలితితో పడియున్నచో, పలకలపై సీసపు గంధకలవణము గట్టిపడి, తరువాత నింపినను కరగదు. క్రొత్త బ్యాటరీ కొలదినెలలలోనే ముసలిదగును. అప్పుచేసి పప్పుకూడు తినువాని సంసారము వంటిదే ఈ వ్యవహారము. ఆ వ్యాపారికి కావలసినది పెద్ద బ్యాటరీ కాదు, మఱొక ఆదాయము.

ఆదాయమునకు మార్గములు రెండు కలవు. ఇంటివద్ద కరెంటు దొరకువారు రాత్రి బండి నిలిపిన తరువాత 15 ఆంపియర్ల మంచి ఛార్జరును తగిలించినచో, తెల్లవాఱుసరికి గాదె నిండును. ఇది అన్నిటికంటె చౌక. కరెంటు అందుబాటులో లేనివారు బండికప్పుపై సూర్యరశ్మి పలకను అమర్చుకొనవచ్చును. 200 వాట్ల పలక మబ్బులేని దినమున సుమారు 50 ఆంపియర్-గంటలను ఇచ్చును. వానకాలమున ఇందు సగముకూడ నమ్మరాదు. దినమునకు అయిదాఱు గంటలు దారిమీద నుండువారికి ఈ రెండును అక్కఱలేకపోవచ్చును. అయినను ఒక సంగతి గమనింపవలెను. సీసపు బ్యాటరీ చివరి అయిదవ వంతు చాల మెల్లగా నిండును. మొదటి భాగము రెండు గంటలలో నిండినను, ఈ చివరి భాగమునకు మఱి కొన్ని గంటలు పట్టును. నెలకు రెండు మూడు సార్లయినను దానిని ఇంట పూర్తిగా నింపుట అవసరము.

ఇక రెండు బ్యాటరీల నడుమ తలుపును గూర్చి చెప్పెదను. ఇందు నాలుగు విధములు. మొదటిది చేతితో త్రిప్పు స్విచ్చి. వెల తక్కువ, కాని అలసినవాడు ఒకనాడు దానిని త్రిప్ప మఱచును, ఆనాడే విత్తనము పోవును. రెండవది డయోడు. అది ప్రవాహమును ఒకవైపునకే పోనిచ్చును; కాని దారిలో 0.6 లేక 0.7 వోల్టును తాను మ్రింగును. అందుచే రెండవ బ్యాటరీ ఎన్నటికిని నిండదు. మూడవది వోల్టులను గనిపెట్టు రిలే. ఇంజను నడచి మొదటి బ్యాటరీ సుమారు 13.3 వోల్టులకు చేరగానే తలుపు తెఱచును. ఇంజను ఆగి 12.8 వోల్టులకు దిగగానే మూయును. దీనికి వెల మితము, మఱపు లేదు. నాలుగవది డి.సి.-డి.సి. ఛార్జరు. ఆల్టర్నేటరు ఇచ్చు వోల్టులు ఎట్లున్నను, ఇది వానిని తగినట్లు హెచ్చించియో తగ్గించియో రెండవ బ్యాటరీకి కావలసిన రీతిని అందించును.

రిలే చాలునా, ఛార్జరు కావలయునా అని తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఇంజనును నడపుచు అరగంట కాలము అప్పుడప్పుడు మొదటి బ్యాటరీ వోల్టులను కొలువుడు. అంతసేపును 13.8 నుండి 14.4 వఱకు నిలుకడగా నున్నచో రిలే చాలును. ఇటీవలి బండ్లు కొన్ని ఇంధనమును ఆదా చేయుటకై, బ్యాటరీ నిండినదని తోచగానే ఆల్టర్నేటరు వోల్టులను తగ్గించును. మీ బండిలో అంకె 12.5 ప్రాంతమునకు దిగుచున్నచో, రిలే తలుపు మూసికొనును. రెండవ బ్యాటరీ ఆకలితో నుండును. అట్టి బండికి డి.సి.-డి.సి. ఛార్జరు తప్పదు. లిథియం బ్యాటరీ పెట్టువారికిని ఇదియే క్షేమము. ఏలయన ఆ బ్యాటరీ అడ్డులేనిచో ఆల్టర్నేటరునుండి దొరకినంత ప్రవాహమును పీల్చును. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ఆల్టర్నేటరును చల్లార్చు విసనకఱ్ఱయు నెమ్మదిగానే తిరుగును గనుక, అది వేడెక్కి కాలిపోవుటకు అవకాశము కలదు. ఛార్జరు పరిమాణము ఆల్టర్నేటరు శక్తిలో మూడవవంతు ప్రాంతమున నుంచుట మంచిది. బండి ముందుదీపములకును అదియే అన్నము పెట్టవలయును గదా.

ఏ జాతి బ్యాటరీని ఎన్నుకొనవలెను? ఇండ్లలో ఇన్వర్టరుకు వాడు పొడవైన గొట్టపు పలకల బ్యాటరీ దళసరి పలకలదే. కాని అది ఒకచోట కదలక కూర్చుండుటకు చేయబడినది. గతుకుల దారిలో దానికి సుఖము లేదు. దానికంటె ఈ-రిక్షాల కొఱకు చేయు బ్యాటరీ మన పనికి దగ్గఱగా నుండును, వెల తక్కువ, డిస్టిల్డు వాటరు పోయుచుండవలెను. గాజునూలు పొరలలో ఆమ్లమును ఇంకించి మూసివేసిన ఏ.జి.ఎం. బ్యాటరీకి నీరు పోయనక్కఱలేదు, అదురును ఓర్చును, వెల హెచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేటుది అన్నిటికంటె ప్రియము. కాని 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ 25 నుండి 30 కిలోలు తూగుచుండగా, ఇది అందు సగమునకు లోపుగనే తూగును. సక్రమముగా వాడినచో సీసపుదానికంటె పెక్కు రెట్లు కాలము వచ్చును. ప్రతిదినము వాడువారికి తుదకు ఇదియే చౌక కావచ్చును. నెలకు నాలుగు పందిళ్ళకు పోవువారికి ఆ వ్యయము తిరిగిరాదు. రిలేతో కలుపువారు మాత్రము రెండు బ్యాటరీలును సీసపువే అగునట్లు చూచుకొనవలెను.

ఏ జాతిదైనను వేడిమి దానికి శత్రువు. సీసపు బ్యాటరీ విషయమున ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్లు లెక్కింతురు. విజయవాడలోను, రామగుండములోను మే నెలలో గాలియే 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. ఇంజను ప్రక్కన వేడిమి ఎంతయుండునో ఊహించుకొనుడు. ఖాళీ కనబడినదని రెండవ బ్యాటరీని అచ్చట బిగింపరాదు. బండి తొట్టిలోనో, తొట్టిక్రింద ఇనుపపెట్టెలోనో గట్టిగా బిగించి, గాలియాడునట్లు చేయవలెను. సీసపు బ్యాటరీ నిండునపుడు హైడ్రోజను వాయువు వెలువడును. మూసిన పెట్టెలో అది ప్రోగుపడినచో ఒక్క నిప్పురవ్వ చాలును. పొయ్యి వెలుగు ఫలహారపు బండిలో ఈ మాటను మఱువరాదు. గ్యాసు బండకును బ్యాటరీకిని వీలైనంత దూరముండవలెను.

తుదకు తీగలను గూర్చి. అందఱును బ్యాటరీకి వేలు ఖర్చు పెట్టి తీగవద్ద లోభింతురు. ఇంజనునుండి తొట్టివఱకు 5 మీటర్లు. పోవుటకును వచ్చుటకును 10 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 30 ఆంపియర్లు ప్రవహించినచో దారిలోనే 0.9 వోల్టు పోవును. ఆల్టర్నేటరు 14.2 ఇచ్చినను బ్యాటరీకి 13.3 మాత్రమే చేరును, అది నిండదు. 16 చదరపు మిల్లీమీటర్ల తీగయైనచో పోవునది 0.35 వోల్టు మాత్రమే. తీగకు రెండు కొనలయందును, ప్రతి బ్యాటరీనుండి జానెడు దూరములో, తీగ భరింపగల ప్రవాహమునకు తగిన ఫ్యూజు ఉండితీరవలెను. ఇది కొందఱకు వింతగా తోచును. ఒక ఫ్యూజు చాలదా? చాలదు. ఈ తీగకు రెండువైపులను బ్యాటరీలున్నవి. నడుమ ఎచ్చటనైనను ఒరసి ఇనుమునకు తగిలినచో, రెండువైపులనుండియు వందల ఆంపియర్లు వచ్చి పడును. తీగ నిప్పుకడ్డియై బండిని కాల్చును. ఫ్యూజు వెల ఒకనాటి ఫలహారపు లాభముకంటె తక్కువ. దానిని మానిన మెకానిక్కుచే పని చేయింపకుడు.

ఇంతయు విన్న పిదప, "మాకు రెండు దీపములు, రెండు గంటల పని మాత్రమే" అనువారు కొందఱుందురు. వారికి నా సలహా: రెండవ బ్యాటరీ కొనకుడు. వోల్టులు 12.2 ప్రాంతమునకు దిగగానే దీపములను తానే ఆర్పివేయు చిన్న సాధనము దొరకును. దానిని అమర్చుకొన్నచో ఉన్న బ్యాటరీలోనే విత్తనము మిగులును. అక్కఱలేని దానిని కొనకుండుటయు మంచి ఎన్నికయే.

కొనవలసినవారు మాత్రము దుకాణమునకు పోవుటకు ముందు ఒక కాగితముపై నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనుడు. దినమునకు ఎన్ని ఆంపియర్-గంటలు వాడుదుము? వానిని ఎక్కడినుండి, ఎంతసేపటిలో మరల నింపుదుము? మన బండి ఆల్టర్నేటరు నిలుకడగా వోల్టుల నిచ్చునా? బ్యాటరీని వేడిమికి, నిప్పుకు దూరముగా ఎచ్చట నుంచుదుము? ఈ నాలుగును తెలిసినవానికి బ్యాటరీ పేరును, పరిమాణమును తామంతట తామే తేలును. ఇవి తెలియనివానికి ఎంత పెద్ద బ్యాటరీ యైనను మూడవనాడు కానిచో ఐదవనాడు చీకటియే మిగుల్చును.